ఐదో రోజు అన్నప్రాశన

(ఒక ఆదివారం ఉదయం జిల్లా గ్రంథాలయంలో, ఇంట్లో చేపలు పెంచేవారి కోసం జరిగిన సమావేశంలో ఒక విశ్రాంత జువాలజీ అధ్యాపకురాలు చేసిన ప్రసంగం)

నమస్కారమండీ. మాట మొదలుపెట్టే ముందు ఈ గాజు గ్లాసు ముందు వరస నుంచి పంపిస్తున్నాను. కుదపకుండా, కిటికీ వెలుతురుకి ఎదురుగా పెట్టి అడుగున చూడండి. గసగసాలంత సైజులో, గాజుపూసల్లా ముప్పై నలభై గింజలు కనిపిస్తాయి. అవి చేప గుడ్లు. ఈరోజు పొద్దున్న ఆరుంబావుకి మా వరండాలో తొట్టిలో పెట్టినవి. ఇప్పుడు పదిన్నర. అంటే వాటి వయసు నాలుగు గంటల పైచిలుకు. మొదట ఒక్క కణం. ముప్పావు గంటకి రెండయ్యాయి. అక్కడి నుంచి పావుగంటకోసారి రెట్టింపవుతూ, మూడు గంటలయ్యేసరికి ఒక్కో గుడ్డులో వెయ్యి కణాల దాకా వచ్చాయి. మనం ఇక్కడ మాట్లాడుకుంటూ ఉండగానే ఆ కణాలు సొన మీద సగం దాకా దుప్పటిలా కమ్ముకుంటాయి. నేను ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పాను. పిండం ఎదిగే బొమ్మలు బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. కానీ ప్రాణమున్న పిండంలో గుండె కొట్టుకోవడం కళ్లారా చూసింది మాత్రం రిటైరయ్యాకే, మా ఇంటి వరండాలో, పది రెట్లు చూపించే చేతి భూతద్దంతో.

ఈ చేప పేరు జీబ్రా డానియో. షాపులో జీబ్రా అని అడిగితే ఇస్తారు. పెద్దయ్యాక కూడా ఒకటిన్నర అంగుళం దాటదు. ఒంటి మీద మెడ నుంచి తోక దాకా నీలం గీతలు ఉంటాయి. క్షణం కూడా ఒక చోట నిలవదు. మన ఊళ్లలో అమ్మే చిన్న చేపలు ఎక్కువగా చెన్నై కొళత్తూరు నుంచి, కోల్‌కతా నుంచి ఆక్సిజన్ నింపిన సంచుల్లో వస్తాయి కాబట్టి చాలామంది దీన్ని కూడా ఏదో విదేశీ చేప అనుకుంటారు. ఇది అచ్చంగా మన దేశపు చేప. ఈస్టిండియా కంపెనీలో డాక్టరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగ, దాని ఉపనదుల చేపల గురించి 1822లో ఒక పుస్తకం అచ్చువేశాడు. ఈ చేపకి శాస్త్రీయంగా పేరు పెట్టింది అందులోనే. ఉత్తరాన, ఈశాన్యాన, బంగ్లాదేశ్, నేపాల్ వైపు నెమ్మదిగా పారే వాగుల్లో, గుంటల్లో, వరి పొలాల అంచుల్లో ఇవి తిరుగుతుంటాయి.

వరి పొలం అనగానే నాకు మా ఊరు గుర్తొస్తుంది. మాది పశ్చిమగోదావరి. తొలకరి వాన పడి బోదెలోకి కొత్త నీరు వచ్చిన రాత్రి చేపలు ఎదురెక్కేవి. నాన్నగారు లాంతరు పట్టుకుని గట్టు మీద నడుస్తుంటే వెనకాల నేను. వరి దుబ్బుల మధ్య, జానెడు లోతు కూడా లేని నీళ్లలో చేపలు దబదబలాడుతూ ఉండేవి. లోతైన కాలవ వదిలేసి అంత పలచని నీళ్లలోకి ఎందుకొస్తాయని అడిగాను. ‘పిల్లల కోసం’ అన్నారు నాన్నగారు. ఇంతకన్నా వివరంగా ఆయన చెప్పలేదు. మిగతాది నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. అప్పుడే మునిగిన నేల మీద గడ్డి, ఆకులు కుళ్లడం మొదలవుతుంది. ఆ కుళ్లులో కంటికి ఆనని జీవులు కోట్లకొద్దీ పుడతాయి. చేపపిల్ల నోరు తెరిచేసరికి చుట్టూ తిండి ఉంటుంది. చేప గుడ్లు పెట్టడానికి చోటు వెతుక్కోవడం అంటే పిల్లకి మొదటి ముద్ద దొరికే చోటు వెతుక్కోవడమే. ఈ పూట నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగే మాటలు.

మన దగ్గర భీమవరం, కైకలూరు వైపు నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు కదా. మీకు తెలుసు, బొచ్చె, శీలావతి లాంటి చేపలు చెరువులో ఎంత పెద్దవైనా వాటంతట అవి గుడ్లు పెట్టవు. వాటికి వరద నది కావాలి. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త బృందం పీయూష గ్రంథి రసం ఇంజెక్షన్ ఇచ్చి వాటి చేత గుడ్లు పెట్టించింది. మన హేచరీలన్నీ ఆ రోజు చలవే. జూలై 10ని చేపల రైతుల దినంగా జరుపుకుంటున్నది అందుకే. జీబ్రాకి అలాంటి ఇంజెక్షన్ అక్కర్లేదు. కడుపునిండా తిండి, శుభ్రమైన నీళ్లు, తెల్లవారుజాము వెలుతురు, ఈ మూడూ ఉంటే చాలు. ‘మేడమ్, గుడ్లు పెట్టించడం ఎలా?’ అని ఫోన్ చేసేవాళ్లందరికీ నేను ఇదే చెబుతాను. ఈ చేప గుడ్లు పెడుతుంది, దాని గురించి టెన్షన్ పడకండి. మీకు పని ఐదో రోజున పడుతుంది.

అయినా గుడ్ల దాకా ఎలా వెళ్లాలో కొంచెం చెప్పాలి.

ముందు మీకు ఒక మొక్కల తొట్టి ఉండాలి. కొత్తగా నింపింది పనికిరాదు, కనీసం రెండు నెలలు నడిచిన తొట్టి కావాలి. చేపల విసర్జన నుంచి, మిగిలిన తిండి నుంచి అమ్మోనియా వస్తుంది. అది విషం. దాన్ని బ్యాక్టీరియా నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా ఇసుకలో, ఫిల్టర్ స్పాంజ్‌లో స్థిరపడడానికి నెల, నెలన్నర పడుతుంది. మొక్కలు అమ్మోనియాని నేరుగా కూడా పీల్చుకుంటాయి. అందుకే మొక్కలు దట్టంగా ఉన్న తొట్టిలో పొరపాట్లకి కాస్త మన్నింపు ఉంటుంది. ఖరీదైన మొక్కలు కొనక్కర్లేదు. జావా మాస్, హార్న్‌వర్ట్, వాలిస్నేరియా, చెరువు హైడ్రిల్లా మామూలు ఎల్‌ఈడీ లైటు కింద రోజుకి ఏడెనిమిది గంటల వెలుతురుతో బతికేస్తాయి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు ఈ పనికి అవసరం లేదు. కార్పొరేషన్ కుళాయి నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది, యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి, లేదా వెడల్పాటి బకెట్లో ఒక రోజంతా గాలిమోటారు పెట్టి ఉంచండి.

మగ, ఆడ గుర్తుపట్టడం తేలిక. మగది సన్నగా, నీలం గీతల మధ్య బంగారు పసుపు ఛాయతో ఉంటుంది. ఆడదానికి పొట్ట గుండ్రంగా, గీతల మధ్య వెండి రంగు. రెండింటినీ ఒక వారం వేరు చేసి బాగా మేపండి. దోమ లార్వాని మించిన మేత లేదు. మేడ మీద చిన్న తొట్టిలో నీళ్లు పెడితే దోమలే వచ్చి గుడ్లు పెడతాయి. కానీ మూడు రోజులకోసారి ఆ లార్వా మొత్తం వడకట్టి చేపలకి వేసెయ్యాలి. ఒక్కసారి మరిచినా వీధి వీధంతా దోమలపాలవుతుంది. రోజూ చూసుకునే ఓపిక లేనివాళ్లు ఈ పని పెట్టుకోవద్దు, ఐస్‌లో గట్టిపరిచిన బ్లడ్‌వార్మ్ అనే ఎర్రటి పురుగుల మేత కొనుక్కోండి.

గుడ్ల కోసం పది పదిహేను లీటర్ల చిన్న తొట్టి వేరుగా ఉండాలి. నీటి లోతు జానెడు కన్నా తక్కువ. అడుగున గాజు గోళీలు రెండు వరసలు పరచండి, లేదా జావా మాస్ మెత్తలా పరచండి. ఈ గుడ్లు అంటుకోవు, నేరుగా కిందికి దిగుతాయి. గోళీల సందుల్లోకి జారితే తల్లిదండ్రుల నోటికి అందవు. అవును, తల్లిదండ్రులే తినేస్తాయి. మన కొర్రమీను చూడండి, పిల్లల గుంపు ఎర్రగా నీటి మీద తిరుగుతుంటే కిందనే కాపలా కాస్తుంది. ఒక చేప కన్నవాటిని కాపాడుకుంటుంది, ఇంకో చేప వందల్ని కని నీటికి వదిలేస్తుంది. రెండూ ప్రకృతిలో నిలిచిన దారులే. జీబ్రాకి రాలిన గుడ్డు తన పిల్ల అని తెలియదు, దానికది తిండి. కాబట్టి ఆ కాపలా మనది.

ఇంకో చిన్న కిటుకు. తొట్టికి ఒక వైపు కింద సన్నటి చెక్క పెట్టి కొంచెం వాల్చండి. నీరు ఒక పక్క లోతుగా, ఇంకో పక్క పలచగా అవుతుంది. పరిశోధనశాలల్లో కూడా ఇలా చేస్తారు. చేపలు గుడ్లకి ఆ పలచని మూలకే వెళతాయి. నేను మొదటిసారి అది చూసినప్పుడు నాకు మా నాన్నగారి లాంతరు గుర్తొచ్చింది.

సాయంత్రం లైటు ఆర్పే ముందు ఒక ఆడ, రెండు మగ చేపల్ని అందులో వదలండి. రెండు డిగ్రీలు చల్లగా ఉన్న కొత్త నీళ్లు రెండు మగ్గులు పోస్తే వాన పడినట్టు ఉంటుంది వాటికి. రాత్రంతా చీకటి. పొద్దున్న వెలుతురు పడిన గంటలోపు మగవి ఆడదాని పక్కన తోసుకుంటూ, తరుముతూ, మాస్‌లోకి తీసుకెళ్లి ఒక్క వణుకు వణుకుతాయి. ఒక్కో వణుకుకి కొన్ని గుడ్లు. ఒక పూటకి వంద, కొన్నిసార్లు రెండొందలు. తొమ్మిది కల్లా పెద్ద చేపల్ని తీసేయండి.

ఆ తర్వాత నాలుగు రోజులు మీరు చేయాల్సింది దాదాపు ఏమీ లేదు. తెల్లబడిన గుడ్లని డ్రాపర్‌తో తీసేయడం, బూజు రాకుండా మిథిలీన్ బ్లూ నీళ్లు లేత నీలం అయ్యేంత వేయడం. అంతే. కానీ దయచేసి చూడండి. ఆ నాలుగు రోజులు చూడకుండా వదలకండి. 28 డిగ్రీల దగ్గర మొదటి 24 గంటలకి తోక ఆడుతుంది, గుండె మొదలవుతుంది. గుడ్డు పొర, పిల్ల ఒళ్లు రెండూ పారదర్శకం కాబట్టి నెత్తురు పారడం కూడా భూతద్దంలో కనిపిస్తుంది. రెండో రోజు కళ్లు నల్లబడతాయి. రెండు, మూడు రోజుల మధ్య పిల్ల పొర చీల్చుకుని బయటికొస్తుంది.

ఈ పారదర్శకత వల్లే ఈ చిన్న చేప ప్రపంచమంతా తిరిగింది. అమెరికాలో ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ దీన్ని పరిశోధనకి ఎంచుకున్నాడు. 1981లో ఆయన ప్రకటించిన పనితో అది శాస్త్రవేత్తల చేతుల్లో స్థిరపడింది. ఆయన వాడిన చేపలు పెంపుడు చేపల దుకాణంలో కొన్నవే. ఈ చేప గుండెలో అయిదో వంతు కోసేసినా రెండు నెలల్లో మళ్లీ పెంచుకుంటుందని 2002లో చూపించారు. దీని జన్యుపటం 2013లో పూర్తిగా వెలువడినప్పుడు మనిషి జన్యువుల్లో 70 శాతానికి దీంట్లో జోడీ ఉందని తేలింది. అంతకు ముందే, 2009లో, ఢిల్లీలోని ఐజీఐబీ అనే జన్యు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మన దేశపు అడవి జీబ్రా చేప జన్యుక్రమాన్ని చదివారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో కూడా ఈ చేప మీద పరిశోధనలు జరుగుతున్నాయి. ఇక్కడ డిగ్రీ పిల్లలు కొందరున్నారు. అమ్మా, నాన్నా, మీ పాఠ్యపుస్తకంలో కప్ప పిండం, కోడి పిండం బొమ్మలు ఉంటాయి కదా. యాభై రూపాయల చేపల జతతో ఆ పాఠమంతా మీ ఇంట్లోనే కళ్ల ముందు జరుగుతుంది.

సరే, ఐదో రోజు.

పొదిగాక పిల్లలు ఈదలేవు. తల దగ్గర ఉన్న జిగురుతో గాజుకో ఆకుకో అంటుకుని, సన్నటి కనురెప్ప వెంట్రుకల్లా వేలాడతాయి. పొట్ట కింద సొన సంచి ఉంటుంది, అదే వాటి తిండి. నాలుగు, ఐదు రోజులకి నీటి పైకి వచ్చి ఒక్క గుక్క గాలి మింగి గాలితిత్తి నింపుకుంటాయి. అప్పటి నుంచి అడ్డంగా, తిన్నగా ఈదుతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. నీటి మీద నూనెలాంటి పొర కట్టి ఉంటే ఆ గుక్క గాలి దొరకదు, ఆ పిల్లలు ఎప్పటికీ సరిగా ఈదలేవు. నాలుగో రోజు ఒక టిష్యూ కాగితం నీటి మీద పరిచి లాగేయండి, పొర దాంతో వచ్చేస్తుంది.

ఈత మొదలైన రోజే ఆకలి మొదలవుతుంది. సొన అయిపోతుంది. అది వాటి అన్నప్రాశన రోజు. మన ఇళ్లల్లో అన్నప్రాశన అంటే ఆరో నెలలో ముహూర్తం పెట్టుకుంటాం, పాయసం ముందే వండుకుంటాం, పిల్లవాడిని పీట మీద కూర్చోబెట్టాక పొయ్యి వెలిగించం కదా. చేపపిల్లల దగ్గర చాలామంది చేసేది మాత్రం అదే. పిల్లలు ఈదుతుంటే చూసి సంతోషపడి, ఇప్పుడు ఏం పెట్టాలి అని అడుగుతారు. అప్పటికే ఆలస్యమైపోతుంది.

నా మొదటి విడతలో నూట నలభై పిల్లలు పొదిగాయి. నేను రాసుకున్న పుస్తకం ఇప్పటికీ ఉంది. ఐదో రోజు ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొన పలచటి గుడ్డలో కట్టి నీళ్లలో పిండాను. పొగమంచులా వ్యాపించింది. తింటున్నాయనుకున్నాను. సాయంత్రానికి నీళ్లు పాలలా అయ్యాయి. మర్నాడు అడుగున తెల్లటి చారలు, పిల్లలే. ఎనిమిదో రోజుకి ఏడు మిగిలాయి. ఆ రోజు రాత్రి భోజనం చేయలేకపోయాను. రెండు తప్పులు జరిగాయి. ఒకటి, పచ్చసొన మరీ ఎక్కువ, అది కుళ్లి అమ్మోనియా అయింది. రెండోది పెద్దది. ఈ పిల్లలు వేటగాళ్లు. కళ్లతో చూసి, కదిలేదాన్ని గురిపెట్టి పట్టుకుంటాయి. కదలని పొడి ఎంత చల్లినా దాన్ని తిండి అని చాలా పిల్లలు గుర్తించవు. వాటికి కదిలే ముద్ద కావాలి, అదీ నోటికి పట్టేంత చిన్నది.

ఆ ముద్ద పేరు ఇన్ఫ్యూసోరియా. పారమీషియం లాంటి ఏకకణ జీవులన్నిటికీ కలిపి వాడే పాత పేరు. దీన్ని తయారుచేయడం చూడండి. ఒక లీటరు గాజు సీసా తీసుకోండి. గుప్పెడు వరిగడ్డి ముక్కలు ఉడికించి చల్లార్చి ఆ నీళ్లతో సహా పోయండి. గడ్డికి మందు కొట్టి ఉండకూడదు, ఇది ముఖ్యం. అందులో మీ పాత తొట్టిలోని మాస్ ఒక చిటికెడు పిండండి. ఆ పిండిన మురికిలోనే విత్తనం ఉంది. పలచని గుడ్డ కట్టి, ఎండ నేరుగా తగలని వెలుతురులో పెట్టండి. రెండు రోజులకి నీళ్లు తెల్లగా మబ్బుపడతాయి, అది బ్యాక్టీరియా. ఇక్కడే చాలామంది పాడైపోయిందని పారబోస్తారు. పారబోయకండి. నాలుగైదు రోజులకి మబ్బు విడిపోతుంది, ఎందుకంటే పారమీషియాలు ఆ బ్యాక్టీరియాని తినేస్తాయి. సీసా వెనక టార్చి పెట్టి చూస్తే ఎండపొడలో ధూళి కదిలినట్టు తెల్లటి చుక్కలు తేలుతూ కనిపిస్తాయి. తడి మట్టి వాసన రావాలి. కుళ్లు వాసన వస్తే మాత్రం పారబోసి మళ్లీ మొదలుపెట్టాలి.

ఇప్పుడు లెక్క వేయండి. సీసా సిద్ధం కావడానికి ఆరేడు రోజులు. గుడ్ల నుంచి ఆకలి దాకా ఐదు రోజులు. అంటే చేపల్ని కలపడానికి రెండు రోజుల ముందే సీసా పెట్టాలి. నేను మూడు రోజుల తేడాతో రెండు సీసాలు పెడతాను, ఒకటి చెడినా రెండోది ఉంటుంది. సీసాలో చుక్కలు కనిపించకపోతే ఆ వారం చేపల్ని కలపను. పుట్టించడం మన చేతిలో ఉన్నప్పుడు ఆకలితో చంపకుండా ఉండడం కూడా మన చేతిలోనే ఉంది.

రోజుకి మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి రెండు మూడు డ్రాపర్లు. తింటున్నాయో లేదో తెలుసుకోవడానికి పొట్ట చూడాలి. భూతద్దంలో పొట్ట నిండుగా, కొంచెం ముదురుగా కనిపిస్తే తిన్నట్టే. పొట్ట లోపలికి అంటుకుపోయి తల పెద్దగా కనిపిస్తే ఆకలి. అలా రెండు మూడు రోజులు గడిస్తే ఆ తర్వాత ఎదురుగా తిండి పెట్టినా వేటాడే శక్తి ఉండదు.

సీసా ఒక్కటే కాదు, మాస్ కూడా అన్నం గిన్నే. పాత మాస్ మీద, ఆకుల మీద సన్నటి జిగురు పొర ఉంటుంది. దానిలో రోటిఫర్లనే కంటికి ఆనని చిన్న జీవులు, ఏకకణ జీవులు ఎప్పుడూ మేస్తూ ఉంటాయి. పిల్లలు రోజంతా ఆ మాస్ కొసల్లో ముక్కు పెట్టి తిరుగుతూ రెండు సీసాల మధ్య ఖాళీని నింపుకుంటాయి. మొక్కల తొట్టి అందంగా ఉంటుందని అందరూ అంటారు. అంతకన్నా ముఖ్యంగా, అది మేత మొలిచే పొలం. ఎండిన బాదం ఆకులు కూడా ఇదే పని చేస్తాయి. మన వీధుల్లో, బడి ఆవరణల్లో గొడుగులా కొమ్మలు పరుచుకునే బాదం చెట్టు ఉంటుంది కదా, అదే. చెట్టే రాల్చిన, బాగా ఎండిన ఎర్రటి ఆకు ఏరి, కడిగి, పది లీటర్లకి ఒకటి వేయండి. నీళ్లు లేత టీ రంగుకి వస్తాయి, రెండు వారాల్లో ఆకు జల్లెడయ్యేలోపు దాని మీద బోలెడు మేత పుడుతుంది. ఆన్‌లైన్‌లో ఈ ఆకుల్నే ప్యాకెట్లలో పెట్టి అమ్ముతున్నారు. మన ఊళ్లో కొనాల్సిన అవసరం లేదు. రద్దీ రోడ్డు పక్క చెట్టువి మాత్రం వద్దు.

తొమ్మిదో పదో రోజు నుంచి ఆర్టీమియా, అంటే ఉప్పునీటి సరస్సుల్లో పెరిగే చిట్టి రొయ్యలాంటి జీవి పిల్లల్ని పెట్టొచ్చు. ఇక్కడ రొయ్యల హేచరీల్లో పనిచేసినవాళ్లుంటే నాకన్నా బాగా చెబుతారు. మన కోస్తా హేచరీలన్నిటికీ అది ప్రాణం. డబ్బాల్లో గోధుమరంగు పొడిలా వచ్చేవి దాని గుడ్లే, అమెరికాలో యూటా రాష్ట్రపు గ్రేట్ సాల్ట్ లేక్ లాంటి ఉప్పు సరస్సుల నుంచి వస్తాయి. లీటరు నీళ్లకి పాతిక గ్రాముల ఉప్పు, గాలి, వెలుతురు ఉంటే 24 గంటల్లో ఆ గుడ్లు పొదుగుతాయి. గాలి ఆపి, సీసా అడుగున ఒక పక్క టార్చి పెడితే నారింజ రంగు పిల్లలు వెలుతురు దగ్గరికి గుమికూడతాయి, పెంకులు పైకి తేలతాయి. ట్యూబుతో లాగి, పలచని నూలు గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి వేయండి. అయిదు నిమిషాల్లో చేపపిల్లల పొట్టలు నారింజ రంగులోకి మారిపోతాయి. ఆ పొట్టలు చూశానంటే ఆ విడత గట్టెక్కినట్టే. ఆ తర్వాత ఎదుగుదల వేగంగా ఉంటుంది. మూడు నాలుగు వారాలకి గీతలు, మూడు నెలలకి అవే గుడ్లు పెట్టే చేపలు. ఈ కాలమంతా స్పాంజ్ ఫిల్టర్ ఒక్కటే వాడండి, మోటారు ఫిల్టర్ పిల్లల్ని లాగేస్తుంది. రోజూ పదో వంతు నీళ్లు సన్నటి ట్యూబుతో మార్చండి.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండమ్మా.

(సభ నుంచి ఒకరు: మొక్కల తొట్టిలోనే వదిలేస్తే పిల్లలు బతకవా మేడమ్?)

మాస్ బాగా దట్టంగా ఉంటే ఒకటో రెండో బతుకుతాయి. ఒక రోజు లైటు వేసేసరికి పెద్దవాటి మధ్య అరంగుళం పిల్ల ఒకటి కనిపిస్తుంది. చాలామందికి ఈ పిచ్చి అలాగే పట్టుకుంటుంది. అంతకుమించి కావాలంటే మాత్రం వేరే తొట్టి ఉండాల్సిందే.

అన్నట్టు, చెరువు నుంచి మొక్కలు తెచ్చుకునేవాళ్లకి ఒక మాట. తూనీగ పిల్ల మొక్కల్లో దాక్కుని వస్తుంది. మనం ఆకాశంలో చూసే తూనీగ అందమైనదే కానీ నీళ్లలో ఉన్నప్పుడు దాని పిల్ల భయంకరమైన వేటగాడు, రాత్రికి రాత్రి పిల్లల సంఖ్య తగ్గించేస్తుంది. హైడ్రా అనే చిన్న జీవి కూడా అంతే, ఆకుకి అంటుకుని సన్నటి చేతులు చాచి పిల్లల్ని కుట్టి పట్టుకుంటుంది. కొత్త మొక్కని తెల్లటి పళ్లెంలో పరిచి చూడండి, లేత గులాబీ రంగు పర్మాంగనేట్ నీళ్లలో పది నిమిషాలు ముంచి కడగండి, వారం రోజులు విడిగా బకెట్లో ఉంచండి.

(ఒక విద్యార్థి: బెట్టా చేపకి కూడా ఇలాగేనా మేడమ్?)

మంచి ప్రశ్న నాన్నా. బెట్టాలో కాపలా తండ్రిది. నీటి మీద బుడగలతో గూడు కట్టి, రాలిన గుడ్లని నోటితో ఏరి గూట్లో పెడుతుంది. గుడ్లు పెట్టగానే ఆడదాన్ని మనం తీసేయాలి, లేకపోతే తండ్రి తరిమి గాయపరుస్తుంది. పిల్లలు అడ్డంగా ఈదడం మొదలుపెట్టాక తండ్రిని కూడా తీసేయాలి. కానీ ఈత మొదలైన రోజున వాటికి కావాల్సింది ఇదే సీసా, ఇదే మాస్.

(సభ నుంచి: పిల్లలు ఎక్కువైతే చెరువులో వదిలేయవచ్చా?)

వద్దండీ. ఏ చేపనీ వదలొద్దు. అద్దం శుభ్రం చేస్తుందని కొనుక్కున్న సక్కర్ చేప పెద్దదయ్యాక ఎవరో చెరువులో, కాలవలో వదిలారు. ఇప్పుడు అది మన చెరువుల్లో పెరిగి జాలర్ల వలలు చింపుతోంది. దాన్ని కొనేవాడు లేడు. మన దేశపు జీబ్రా అయినా షాపుల్లో తరాలుగా పెరిగింది, ఏ రోగం మోసుకెళుతుందో తెలియదు. ఎక్కువైతే నాలాంటివాళ్లకి ఇవ్వండి, బడి ల్యాబుకి ఇవ్వండి, షాపతను కూడా తీసుకుంటాడు. మనం ఇంట్లో పుట్టించిన ప్రతి చేపా అడవి వాగు నుంచి పట్టే ఒక చేపని తగ్గిస్తుంది. పడమటి కనుమల్లో మిస్ కేరళ అని పిలిచే చేప ఉంది, ఎర్రటి గీతతో ఎంతో అందంగా ఉంటుంది. అక్వేరియంల కోసం విపరీతంగా పట్టి దాన్ని అంతరించిపోయే ప్రమాదమున్న జాతుల జాబితా దాకా తెచ్చారు. ఇళ్లల్లో పుట్టే చిన్న చేపలు పెరిగితే అలాంటి వాగులకి కొంత ఊపిరి వస్తుందని నా నమ్మకం.

టైమ్ అయిందంటున్నారు. తలుపు దగ్గర బల్ల మీద చిన్న చిన్న సంచుల్లో మాస్ పెట్టాను, మనిషికి ఒక పిడికెడు. నా పాత తొట్టిలోది, సీసాకి విత్తనంగా పనికొస్తుంది. నిన్న రాత్రి పళ్లెంలో పరిచి వెతికాను, తూనీగ పిల్లలు కనిపించలేదు. అయినా ఇంటికెళ్లాక మీరూ ఒకసారి వెతకండి. చేపల్ని ఈ వారమే కలపకండి, ముందు సీసా పెట్టండి.

గ్లాసు ఎవరి దగ్గర ఉందండీ? ఇటివ్వండి. మధ్యలో ఒకటి తెల్లబడినట్టుంది, దాన్ని తీసేసి ఎండ ముదరకముందే ఇంటికి చేర్చాలి.